ట్రంప్ కంటే పాత ప్రశ్న: అమెరికా ఇవాంజెలికల్ ఓటు ఎటు, ఎందుకు?

2015 జులైలో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ పట్టణంలో చర్చికి వెళ్లే కుటుంబాల కోసం ఒక సభ జరిగింది. రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీపడుతున్న నేతలు ఒక్కొక్కరే వేదికెక్కారు. డొనాల్డ్ ట్రంప్ వంతు వచ్చినప్పుడు, ఎప్పుడైనా దేవుణ్ణి క్షమించమని అడిగారా అన్న ప్రశ్న ఎదురైంది. అడిగినట్టు లేదని, తప్పు చేస్తే సరిదిద్దుకోవడానికి చూస్తానే తప్ప అందులోకి దేవుణ్ణి తీసుకురానని ఆయన జవాబిచ్చారు. పాపం ఒప్పుకుని మారుమనస్సు పొందనిదే రక్షణ లేదని నమ్మేవాళ్లు కూర్చున్న సభ అది. పదహారు నెలల తర్వాత జరిగిన ఎన్నికల్లో శ్వేతజాతి ఇవాంజెలికల్ క్రైస్తవుల్లో 81 శాతం మంది ఆయనకే ఓటేశారని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. 2020లోనూ 2024లోనూ ఈ లెక్క కాస్త అటూ ఇటూగా పదికి ఎనిమిది దగ్గరే నిలిచింది.

తెలుగు పాఠకులకు ఇది కొరుకుడుపడని విషయం. ఇక్కడి సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లకు మరీను. మద్యం ముట్టని, సినిమాకు వెళ్లడానికి కూడా వెనకాడే విశ్వాసులను చూసినవాళ్లకు, కాసినోలు నడిపి మూడు పెళ్లిళ్లు చేసుకున్న నాయకుడి వెనుక అమెరికా విశ్వాసులు నిలబడడం కపటంగానో, మోసపోవడంగానో కనిపిస్తుంది. ఈ రెండు వివరణలతోనూ పని జరగదు. నలభై ఐదేళ్ల చరిత్ర చూడకుండా ఈ ఓటు అర్థం కాదు.

సంక్షిప్తంగా: ఇవాంజెలికల్ ఓటరు తనలాంటి భక్తుణ్ణి అధ్యక్షుణ్ణి చేయాలన్న ఆలోచన 1980లోనే పక్కన పెట్టాడు. అప్పటి నుంచి కోర్టులు, పాఠశాలలు, గర్భస్రావ చట్టం వంటి వాటి మీద హామీ ఇచ్చిన పార్టీకి ఓటేస్తూ వచ్చాడు. 2022లో ఆ హామీల్లో అతిపెద్దది, గర్భస్రావ హక్కు రద్దు, నెరవేరింది. అయినా ఓటు చెదరలేదు. కారణం, ఈలోగా 'ఇవాంజెలికల్' అన్న పేరే సగం మత గుర్తింపుగా, సగం రాజకీయ గుర్తింపుగా మారిపోవడం.

పేరు ఒకటే, మనుషులు వేరు

గుంటూరు కేంద్రంగా పనిచేసే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, వాడుకలో ఏఈఎల్‌సీ, పేరులోనే ఈ మాట ఉంది. 1842లో గుంటూరు చేరిన అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ వేసిన పునాది మీద 1927లో ఏర్పడిన సంఘం ఇది. ఇక్కడ ఇవాంజెలికల్ అంటే లూథర్ నాటి జర్మనీ అర్థం: సువార్తే ఆధారమన్న, పోపు పెత్తనాన్ని ఒప్పుకోని సంఘం. అమెరికాలో లూథరన్ల అతిపెద్ద సంఘం పేరులోనూ ఇదే మాట ఉంది. కానీ ఆ సంఘం స్త్రీలకు పాదిరీ పదవి ఇస్తుంది; స్వలింగ జంటగా జీవించేవారు కూడా పాదిరీలుగా ఉండవచ్చని 2009లో తీర్మానించింది. సర్వేలు చేసేవాళ్లు దాన్ని ఉదారవాదుల పద్దులో, 'మెయిన్‌లైన్' ప్రొటెస్టెంట్ల కింద రాసుకుంటారు. బోర్డు మీది మాట చూసి గుంటూరు లూథరన్‌ను, అలబామా సదరన్ బాప్టిస్టును ఒకే గాటన కట్టేస్తే మొదట్లోనే దారి తప్పుతాం.

అమెరికా వాడుకలో ఈ మాటకు పండితులు ఎక్కువగా ఉదహరించే నిర్వచనం బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్ 1989లో ఇచ్చినది. బైబిలే ప్రమాణం, సిలువ మరణంలోనే రక్షణ, వ్యక్తిగతంగా మారుమనస్సు పొంది తిరిగి జన్మించడం, ఆ విశ్వాసాన్ని నలుగురిలోకీ తీసుకెళ్లడం అన్నవి ఆయన చెప్పిన నాలుగు గుర్తులు. వీటిని కొలబద్దగా పెట్టుకుంటే తెలుగునాట బాప్టిస్టు, పెంతెకొస్తు, బ్రదరన్ విశ్వాసుల్లో చాలామంది ఇందులోకి వస్తారు. అమెరికా నల్లజాతి చర్చిల్లోని వారిలో ఎక్కువమందీ వస్తారు.

ఎన్నికల సర్వే వాళ్లు ఈ నాలుగూ అడగరు. ఓటేసి బయటికొచ్చిన మనిషి చేతికిచ్చే కాగితం మీద ఒకే ప్రశ్న ఉంటుంది: మీరు తిరిగి జన్మించిన లేదా ఇవాంజెలికల్ క్రైస్తవులా? దాని కింద అవును, కాదు అని రెండు గడులు. చివరిసారి చర్చికి ఎప్పుడు వెళ్లారో, బాప్తిస్మం తీసుకున్నారో లేదో ఆ ప్రశ్నకు తెలియదు. 'అవును' గడిలో టిక్కు పెట్టినవారిలోంచి తెల్లవారిని వేరుచేసి తీసిన అంకె పైన చెప్పిన 81 శాతం.

ఆ 'తెల్లవారిని వేరుచేసి' అన్న ముక్క ఎంత ముఖ్యమో జార్జియా చూపించింది. 2022లో అక్కడి సెనేట్ సీటుకు డెమోక్రాట్‌గా నిలబడిన రాఫెల్ వార్నాక్, అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్ సేవచేసిన ఎబెనెజర్ బాప్టిస్టు చర్చికి పాస్టర్. సెనేటర్‌గా ఉంటూనే ఆదివారం చర్చిలో ప్రసంగ వేదిక ఎక్కే మనిషి. ఆయన మీద రిపబ్లికన్లు నిలబెట్టింది మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు హెర్షెల్ వాకర్‌ను. శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటులో అత్యధిక భాగం పాస్టర్‌కు కాకుండా ఆటగాడికి పడింది. నల్లజాతి విశ్వాసుల ఓటు దాదాపు మొత్తం వార్నాక్‌కు పడి, ఆయన గెలిచారు. ఒకే బైబిలు, దాదాపు ఒకే రకం ప్రసంగం, ఒకే బాప్తిస్మం. ఓటు మాత్రం ఉత్తర దక్షిణాలు. సిద్ధాంతం ఒక్కటే ఓటును నిర్ణయిస్తుందనుకుంటే ఈ తేడాకు జవాబు దొరకదు.

జవాబు కోసం 1845 దాకా వెళ్లాలి. బానిసలున్న యజమానిని మిషనరీగా పంపబోమని ఉత్తరాది బాప్టిస్టుల మిషన్ బోర్డు తేల్చిచెప్పడంతో, దక్షిణాది వాళ్లు విడిపోయి జార్జియాలోని ఆగస్టాలో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ పెట్టుకున్నారు. నేటి అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంట్ సంస్థ అదే. ఆ చీలికకు తెలుగునేలతో కూడా సంబంధం ఉంది. శామ్యూల్ డే 1840లో మొదలుపెట్టిన నెల్లూరు మిషన్ ఉత్తరాది వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. 1878 జులైలో ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిందని తెలుగు సంఘాలు తరతరాలుగా చెప్పుకునే క్లౌ దొర మిషన్ కూడా ఆ శాఖదే. తెలుగు బాప్టిస్టుల వంశవృక్షం బానిసల యజమానిని కాదన్న కొమ్మ నుంచి వచ్చింది. సదరన్ బాప్టిస్టులు తమ పుట్టుకలో ఉన్న ఈ తప్పుకు 1995లో తీర్మానం చేసి క్షమాపణ కోరారు.

మనవాడే ఓడిపోయిన ఎన్నిక

అసలు మలుపు 1976కూ 1980కీ మధ్య ఉంది. 1976లో గెలిచిన జిమ్మీ కార్టర్ సదరన్ బాప్టిస్టు. తాను తిరిగి జన్మించానని బహిరంగంగా చెప్పుకున్నారు. సొంతూరు ప్లెయిన్స్‌లో సండే స్కూల్ పాఠాలు చెప్పేవారు. అధ్యక్ష పదవి దిగాక కూడా దశాబ్దాల తరబడి ఆ పని మానలేదు. న్యూస్‌వీక్ పత్రిక ఆ ఏడాదిని 'ఇవాంజెలికల్ల సంవత్సరం' అంది. దక్షిణాదిలో, అంతర్యుద్ధంలో వేరుపడిన పదకొండు రాష్ట్రాల్లో వర్జీనియా తప్ప అన్నీ కార్టర్‌కే దక్కాయి.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పదకొండింటిలో కార్టర్‌కు మిగిలింది సొంత రాష్ట్రం జార్జియా ఒక్కటే. ఎదురుగా నిలిచిన రోనాల్డ్ రీగన్ హాలీవుడ్ నటుడు. మొదటి భార్యతో విడాకులైన మనిషి. అలాంటి వ్యక్తి అధ్యక్షుడు కావడం అమెరికా చరిత్రలో అదే మొదలు. కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో గర్భస్రావ నిబంధనలు సడలించే చట్టం మీద సంతకం చేసింది కూడా ఆయనే. భక్తిని తూకం వేసి ఓటేసి ఉంటే 1980లో కార్టర్‌కు తిరుగుండకూడదు. 'ఇంత భక్తులు ఇలాంటి వాడికెలా వేశారు' అన్న ప్రశ్న అప్పుడే అడగవలసింది. ట్రంప్‌తో ఆ ప్రశ్న కొత్తగా పుట్టలేదు, కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందన్న దాని మీద చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి 'రో' తీర్పే కారణమని ఉద్యమ నాయకులు చెబుతారు. అయితే అంతకు రెండేళ్ల ముందు, 1971లో, సదరన్ బాప్టిస్టు కన్వెన్షనే అత్యాచారం, పిండంలో తీవ్ర లోపం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి ప్రమాదం వంటి సందర్భాల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలు రావాలని తీర్మానించింది. ఆ రోజుల్లో గర్భస్రావాన్ని కాథలిక్కుల సమస్యగా చూసిన ప్రొటెస్టెంట్లే ఎక్కువ.

రాండల్ బాల్మర్ వంటి చరిత్రకారులు మరో కారణం చూపుతారు. నల్లజాతి పిల్లలతో కలిసి చదవాలని కోర్టులు ఆదేశించాక దక్షిణాదిలో తెల్లవారి ప్రైవేటు క్రైస్తవ పాఠశాలలు వందల కొద్దీ వెలిశాయి. జాతివివక్ష పాటించే పాఠశాలలకు పన్ను మినహాయింపు చెల్లదని 1971లో ఒక ఫెడరల్ కోర్టు చెప్పింది. అలాంటి పాఠశాలలు తమకు వివక్ష లేదని రుజువు చూపాలంటూ 1978లో, కార్టర్ హయాంలో, పన్నుల శాఖ నిబంధనలు ప్రతిపాదించింది. నిరసన ఉత్తరాలు వెల్లువెత్తాయి. నల్ల తెల్ల విద్యార్థుల మధ్య ప్రేమ వ్యవహారాలను నిషేధించిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం మినహాయింపు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1983లో ఓడిపోయింది.

ఉన్న ఆధారాలను బట్టి చూస్తే ఈ రెండు వాదాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. సంస్థలు నడిపే పెద్దలను రాజకీయాల్లోకి లాగింది పన్నుల గొడవ. బల్లల మీద కూర్చునే విశ్వాసులను కదిలించింది గర్భస్రావం, బడిలో ప్రార్థన, కుటుంబం. పాఠశాల పన్ను గురించి ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. పుట్టని బిడ్డ గురించి పెట్టుకుంటారు. ఉద్యమాన్ని కట్టిన పాల్ వైరిక్ లాంటి వ్యూహకర్తలకు ఈ తేడా తెలుసు.

1965లో పాస్టర్ల పని ఆత్మలను సంపాదించడమే గానీ ఊరేగింపులు కాదని ప్రసంగించిన జెర్రీ ఫాల్వెల్, 1979లో మోరల్ మెజారిటీ అనే సంస్థను స్థాపించారు. 1980 ఆగస్టులో డాలస్‌లో వేలమంది పాస్టర్లు, విశ్వాసులు నిండిన సభలో రీగన్ ఒక మాటన్నారు: మీరు నన్ను సమర్థించలేరని తెలుసు, కానీ నేను మిమ్మల్ని సమర్థిస్తున్నాను. పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు అభ్యర్థులను బలపరచకూడదన్న 1954 నాటి జాన్సన్ సవరణను దృష్టిలో పెట్టుకుని అన్న మాట అది. ఆ సభలో రీగన్ తన సాక్ష్యం, అంటే దేవుడు తనను ఎలా మార్చాడన్న కథ, చెప్పలేదు. మీ పక్షాన ఉంటానన్నారు. ఆ తర్వాత వచ్చిన రిపబ్లికన్ అభ్యర్థులందరికీ ఆ మాటే మూసగా మారింది.

కారు అద్దం మీద కరపత్రం

ఉత్సాహం ఓట్లుగా మారడానికి యంత్రాంగం కావాలి. అది 1989లో వచ్చింది. టీవీ ప్రసంగాలతో పేరొందిన పాట్ రాబర్ట్‌సన్ 1988లో అధ్యక్ష పదవికి పోటీచేసి, అయోవాలో అప్పటి ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్‌ను మూడో స్థానానికి నెట్టి రెండో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత వెనకబడినా, ఆ ప్రచారంలో పోగైన పేర్ల జాబితాలతో మరుసటి ఏడాది క్రిస్టియన్ కోయలిషన్ పెట్టారు. దాన్ని నడిపింది ముప్పై ఏళ్లు కూడా నిండని రాల్ఫ్ రీడ్.

ఆ సంస్థ పనితీరును అర్థం చేసుకోవడానికి దాని కరపత్రం చూస్తే చాలు. ఒకే కాగితం. ఒకపక్క ఒక అభ్యర్థి, మరోపక్క ఇంకొకరు. మధ్యలో గర్భస్రావం, పన్నులు, బడిలో ప్రార్థన, స్వలింగ సంపర్కుల హక్కులు అని అంశాల వరుస. ప్రతిదాని ఎదుట 'సమర్థిస్తారు', 'వ్యతిరేకిస్తారు' అన్న మాట. ఫలానావారికి ఓటేయండని ఎక్కడా ఉండదు కాబట్టి చట్టానికి దొరకదు. పోలింగ్ మంగళవారం, ఈ కాగితాలు అంతకు ముందు ఆదివారం చర్చిలలో పంచేవారు, బయట నిలిపిన కార్ల అద్దాల మీద పెట్టేవారు. సోమవారం ఒక్కరోజులో అవతలి పక్షం జవాబిచ్చే వీలుండదు.

ఆ కాగితం మీద అభ్యర్థి సాక్ష్యానికి చోటు లేదు. ఆయన ఇంట్లో ఎలా ఉంటాడు, ప్రార్థన చేస్తాడా అన్నవి లేవు. ఏ అంశం మీద ఏ వైపు అన్నదొక్కటే ఉంది. ఇరవై ఏళ్లు ఇలాంటి కాగితం చదివిన ఓటరుకు ఎన్నిక అంటే మనిషిని ఎంచుకోవడం కన్నా జాబితాను ఎంచుకోవడంగా అలవాటవుతుంది.

మధ్యలో మనిషి, జాబితా ఒకటైన సందర్భమూ వచ్చింది. మీకు నచ్చిన తత్వవేత్త ఎవరని 1999 డిసెంబరులో అయోవా చర్చలో అడిగితే, క్రీస్తు, ఆయన నా హృదయాన్ని మార్చాడు కాబట్టి అన్నారు జార్జ్ డబ్ల్యూ బుష్. 2004లో ఆయనకు శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓట్లు 78 శాతం దాకా పడ్డాయి. ఇక 2012 సంగతి చూస్తే, ఇవాంజెలికల్లు చాలాకాలం తప్పుడు బోధగా ఎంచిన మోర్మన్ శాఖకు చెందిన మిట్ రామ్నీ అభ్యర్థి అయ్యారు. ఆయనకూ దాదాపు అంతే పడ్డాయి. తిరిగి జన్మించిన బుష్, మోర్మన్ రామ్నీ, క్షమాపణ అడగని ట్రంప్: ముగ్గురి మధ్యా భక్తిలో అంతరం ఎంతో ఉన్నా ఓట్ల శాతంలో తేడా మూడు నాలుగు పాయింట్లకు మించలేదు. ఈ ఓటు గురించి చెప్పదగిన సంగతుల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే.

మాట మార్చుకున్న చోటు

అయితే మనిషి నడతను పక్కన పెట్టినట్టు ఈ సముదాయం చాలాకాలం ఒప్పుకోలేదు. బిల్ క్లింటన్ వివాహేతర సంబంధం దేశాన్ని కుదిపేస్తున్న 1998లో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ ప్రజాప్రతినిధుల నైతికత మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. నాయకుల గంభీరమైన తప్పులను సహిస్తే జాతి మనస్సాక్షి మొద్దుబారుతుందన్నది దాని సారం.

వ్యక్తిగత జీవితంలో తప్పు చేసిన నాయకుడు పదవిలో మాత్రం నీతిగా ఉండగలడా అని పీఆర్‌ఆర్‌ఐ అనే అమెరికా సర్వే సంస్థ 2011లో అడిగితే శ్వేతజాతి ఇవాంజెలికల్లలో 30 శాతమే ఉండగలడన్నారు. 2016 అక్టోబరులో అదే ప్రశ్నకు 72 శాతం మంది ఉండగలడన్నారు. మిగతా మత వర్గాల్లోనూ అభిప్రాయం కొంత మారింది గానీ ఇంతగా ఎక్కడా మారలేదు. అయిదేళ్లలో బైబిలు మారలేదు, అభ్యర్థి మారాడు. ఇవాంజెలికల్లలోనే చాలామందిని ఇది నొప్పించింది. బిల్లీ గ్రాహం 1956లో స్థాపించిన క్రిస్టియానిటీ టుడే పత్రిక 2019 డిసెంబరులో ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసింది. సదరన్ బాప్టిస్టుల్లో ఎంతో పేరున్న బోధకురాలు బెత్ మూర్, ఆ సంస్థ తరఫున ప్రజా వ్యవహారాలు చూసిన రస్సెల్ మూర్ 2021లో బయటికొచ్చేశారు. వీళ్ల మాటను తోసిపుచ్చడం అన్యాయం. సంఖ్యాబలం మాత్రం వీళ్ల వైపు లేదు.

ఈ మార్పులో ఒక మరణం పాత్ర ఉంది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జి ఆంటొనిన్ స్కాలియా చనిపోయారు. ఆ స్థానాన్ని రాబోయే అధ్యక్షుడే నింపేలా రిపబ్లికన్ సెనేట్ ఆపిపెట్టింది. మే నెలలో ట్రంప్ ఏ అభ్యర్థీ చేయని పని చేశారు: తాను నియమించబోయే జడ్జీలను ఈ పేర్లలోంచే ఎంచుకుంటానంటూ పదకొండు మంది జాబితా ముందే విడుదల చేశారు. కరపత్రం మీది జాబితాకు అలవాటుపడిన ఓటరుకు ఇది లిఖితపూర్వక హామీ. స్త్రీల గురించి ఆయన అసభ్యంగా మాట్లాడిన టేపు అక్టోబరు 7న బయటపడినా ఆ ఓటు నిలిచిందంటే ఈ జాబితాదే పెద్ద పాత్ర. తమకు అన్నిటికన్నా ముఖ్యమైనది సుప్రీంకోర్టు నియామకాలేనని ఆ ఎన్నికలో 21 శాతం ఓటర్లు ఎగ్జిట్ పోల్‌లో చెప్పారు. వారిలో 56 శాతం ట్రంప్‌కు వేశారు.

హామీ నిలబడింది. గోర్సచ్, కవనా, బారెట్ సుప్రీంకోర్టు జడ్జీలయ్యారు. 2022 జూన్ 24న 'డాబ్స్' తీర్పు 'రో'ను కొట్టేసింది. అమెరికా రాయబార కార్యాలయం 2018 మేలో యెరూషలేముకు మారింది. ప్రారంభోత్సవంలో ప్రార్థన చేసినవారిలో డాలస్ పాస్టర్ రాబర్ట్ జెఫ్రెస్, టెక్సాస్‌కే చెందిన జాన్ హేగీ ఉన్నారు. ఇజ్రాయెల్ నిలబడడం ప్రవచనాల నెరవేర్పని నమ్మే సంఘాలకు అది చిన్న విషయం కాదు.

కోరెషు పోలిక

ఓటుకు బదులు హామీలు తీసుకోవడం బేరమని ఒప్పుకోవడం విశ్వాసికి సుఖంగా ఉండదు. దానికి లేఖనంలో తావు దొరకాలి. యెషయా 45వ అధ్యాయంలో కోరెషు రాజు కథ ఆ పనికొచ్చింది. ఆయన పారసీకుడు, ఇశ్రాయేలు దేవుణ్ణి ఎరగనివాడు. అయినా దేవుడు ఆయన్ను అభిషిక్తుడని పిలిచి, బబులోను చెరలో ఉన్న తన ప్రజలను విడిపించడానికి వాడుకున్నాడు. ట్రంప్ 45వ అధ్యక్షుడు, ఇది 45వ అధ్యాయం అన్న పోలికను లాన్స్ వాల్నౌ వంటి బోధకులు 2016 నుంచే ప్రచారం చేశారు. ఈ వాదంలో నాయకుడి అపవిత్రత లోపంగా కనిపించదు. దేవుడు ఎవరినైనా వాడుకోగలడనడానికి రుజువవుతుంది.

ఈ పోలిక ఎక్కువగా పనిచేసింది పెంతెకొస్తు, కరిస్మాటిక్ సంఘాల్లో. ట్రంప్‌కు ఆధ్యాత్మిక సలహాదారుగా పేరుపడిన పౌలా వైట్ కూడా ఆ వర్గం నుంచి వచ్చినవారే. ప్రవచన వరం, ఐశ్వర్య దీవెన, అపవాదితో పోరాటం అన్న భాష తెలుగు క్రైస్తవ టీవీ ఛానళ్లు చూసేవారికి కొత్త కాదు. పాత తరహా బాప్టిస్టు పెద్దలు ఒకప్పుడు దూరం పెట్టిన ఈ వర్గమే అధ్యక్ష భవనానికి అందరికన్నా దగ్గరైంది.

ఫిబ్రవరిలో ఒకరు, నవంబరులో మరొకరు

'ఇవాంజెలికల్లు ట్రంప్‌ను ఎంచుకున్నారు' అన్న వాక్యంలో రెండు వేర్వేరు నిర్ణయాలున్నాయి. మొదటిది అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీలో జరిగే ప్రైమరీ; అయోవాలో అది కాకస్ అనే సభల రూపంలో జరుగుతుంది. 2016 అయోవాలో ఓటేసిన రిపబ్లికన్లలో 64 శాతం ఇవాంజెలికల్లు. వారి మొదటి ఎంపిక 34 శాతంతో టెడ్ క్రూజ్. ట్రంప్‌కు దక్కింది 22 శాతం. అయోవాలో 2008లో మైక్ హకబీ, 2012లో రిక్ శాంటోరమ్, 2016లో క్రూజ్ గెలిచారు. ముగ్గురూ భక్తికి పేరుపడినవాళ్లే, ముగ్గురిలో ఒక్కరూ పార్టీ అభ్యర్థి కాలేకపోయారు.

దక్షిణ కరోలినాలో సంగతి మారింది. అక్కడ ఇవాంజెలికల్లలో మూడింట ఒక వంతు ట్రంప్ వైపు వెళ్లగా, మిగతా రెండు వంతులు క్రూజ్, రూబియో వంటి వారి మధ్య చీలిపోయాయి. మొత్తం మీద 32.5 శాతం ఓట్లతోనే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ఆ రాష్ట్రంలోని 50 మంది ప్రతినిధులూ ట్రంప్ ఖాతాలో పడ్డారు. ముందున్నవాడికే ఎక్కువ దక్కే నిబంధనలు చీలిన ఓటును శిక్షించాయి. పైగా ఆ దశలో ట్రంప్ బలం వారం వారం చర్చికి వెళ్లేవారిలో కన్నా, ఇవాంజెలికల్ అని చెప్పుకుంటూ చర్చికి అరుదుగా వెళ్లేవారిలో ఎక్కువగా కనిపించింది. నవంబరు వచ్చేసరికి ఎదుట హిల్లరీ క్లింటన్ తప్ప వేరే పేరు లేదు. 81 శాతంలో ఇష్టపడి వేసినవారు, వేరే దారి లేక వేసినవారు కలిసే ఉన్నారు.

2024 నాటికి ఆ తేడా చెరిగిపోయింది. అయోవా ఇవాంజెలికల్ పెద్దల్లో పలుకుబడి ఉన్న బాబ్ వాండర్ ప్లాట్స్ రాన్ డీశాంటిస్‌కు మద్దతు ప్రకటించారు. గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ కూడా అటే నిలిచారు. అయినా ప్రైమరీలోనే అయోవా ఇవాంజెలికల్లలో సగానికి పైగా ట్రంప్‌కు వేశారు. సంఘ పెద్దల మాట కన్నా ఓటరుకూ నాయకుడికీ మధ్య నేరుగా ఏర్పడిన బంధం బలంగా పనిచేసింది.

ఒప్పందం తీరాక కూడా

కేవలం బేరమే అయితే 2024లో ఈ ఓటు కొంతైనా తగ్గాలి. 'రో' పోయింది. గర్భస్రావం రాష్ట్రాలు తేల్చుకోవలసిన విషయమని ట్రంప్ ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించారు. జులైలో పార్టీ ప్రణాళిక నుంచి దేశవ్యాప్త గర్భస్రావ నిషేధం డిమాండ్‌ను తీసేశారు. దశాబ్దాలుగా దానికోసం పనిచేసిన సంస్థలు నొచ్చుకున్నాయి. ఓటు మాత్రం పదికి ఎనిమిది దగ్గరే ఉంది.

ప్యూ పరిశోధన సంస్థ ఒకే మనుషులను 2016లోనూ 2020లోనూ అడిగి చూసిన లెక్క ఇక్కడ దారి చూపుతుంది. 2016లో తాము ఇవాంజెలికల్ కాదన్న తెల్లవారిలో, ట్రంప్‌ను అభిమానించినవారిలో 16 శాతం మంది నాలుగేళ్ల తర్వాత ఇవాంజెలికల్ అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆయన్ను అభిమానించనివారిలో అలా మారినవారు దాదాపు లేరు. విశ్వాసం నుంచి ఓటు పుడుతుందని అందరూ అనుకునే చోట, ఓటు నుంచి విశ్వాసపు పేరు పుట్టడం కూడా జరుగుతోంది.

గడిలో ఏ టిక్కు పెడతామన్నది ఆ టిక్కుతో ఏం వస్తుంది, ఏం పోతుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది తిరగబడి కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరిస్తే ఎస్సీ హోదా పోతుంది. అందువల్ల చర్చికి వెళ్లే ఎన్నో దళిత కుటుంబాలు కాగితాల మీద హిందువులుగానే ఉంటాయి. 2011 జనగణన ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.3 శాతమే అని చూపడానికి ఇదొక కారణమని పరిశీలకులు ఎప్పటినుంచో అంటున్నారు. ఇక్కడ చర్చిలో ఉన్న మనిషి లెక్కలో ఉండడు. అక్కడ లెక్కలో ఉన్న మనిషి చర్చిలో ఉండకపోవచ్చు.

ఇంకోవైపు అసలు సంఖ్య తగ్గుతోంది. పీఆర్‌ఆర్‌ఐ లెక్కల్లో 2006లో జనాభాలో 23 శాతం ఉన్న శ్వేతజాతి ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు 2023కి 13 శాతానికి వచ్చారు. సదరన్ బాప్టిస్టుల సభ్యత్వం 2006లో ఉన్న 1.63 కోట్ల నుంచి 1.3 కోట్ల కిందికి దిగింది. ఎగ్జిట్ పోల్స్‌లో మాత్రం వీరి వాటా ఓటర్లలో అయిదో వంతుకు పైనే కనిపిస్తుంది. పోలింగుకు తప్పకుండా వెళ్లడం ఒక కారణం. తిరిగి జన్మించామని చెప్పుకునే కాథలిక్కులు, మోర్మన్లు కూడా ఎగ్జిట్ పోల్ గడిలో పడడం మరో కారణం. ఈ రెండు రకాల లెక్కలనూ కలిపి మాట్లాడడం వల్లే చర్చల్లో చాలా గందరగోళం పుడుతోంది.

ఇక ముందు

తెల్లవారి సంఖ్య తగ్గుతున్న చోటును కొంతవరకు హిస్పానిక్ ఇవాంజెలికల్లు నింపుతున్నారు. కాథలిక్ కుటుంబాల నుంచి పెంతెకొస్తు సంఘాలకు వచ్చిన వీరిలో మెజారిటీ 2024లో ట్రంప్ వైపు మొగ్గింది. వలస విధానం మీద కఠిన చర్యలు వీరి సంఘాల్లోని కుటుంబాలనే తాకుతున్నాయి. కాబట్టి ఈ మొగ్గు తెల్లవారి ఓటంత గట్టిదని ఇప్పుడే అనుకోలేం. డాలస్, న్యూజెర్సీ వంటి చోట్ల తెలుగు ఆరాధనలు జరిగే సంఘాలు ఉన్నా, సర్వేల్లో వారు ఆసియన్ల మొత్తం లెక్కలో కలిసిపోతారు.

చట్టం వైపు నుంచి ఒక మార్పు మొదలైంది. చర్చి తన విశ్వాసులతో, తన ఆరాధన సందర్భంలో, అభ్యర్థుల గురించి మాట్లాడితే జాన్సన్ సవరణను ఉల్లంఘించినట్టు కాదని 2025 జులైలో అమెరికా పన్నుల శాఖ టెక్సాస్‌లోని ఒక కోర్టుకు నివేదించింది. 1980లో రీగన్ జాగ్రత్తగా దాటిన గీత, కరపత్రం తప్పించుకుని తిరిగిన గీత ఇదే. అది పలచబడితే ఒత్తిడి పాస్టర్ల మీదే పెరుగుతుంది. ఇప్పటిదాకా 'చట్టం ఒప్పుకోదు' అని తప్పుకోగలిగిన పాస్టరుకు ఆ అవకాశం ఉండదు.

రాజ్యాంగం ప్రకారం ట్రంప్ మూడోసారి ఎన్నిక కాలేరు. 2028 ప్రైమరీలో ఈ ఓటు మళ్లీ తలుపు తెరిచి చూడాలి. ముందు వినిపిస్తున్న పేరు ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్. ఆయన 2019లో కాథలిక్ అయ్యారు. 1960 సెప్టెంబరులో హ్యూస్టన్ ప్రొటెస్టెంట్ పాస్టర్ల ఎదుట నిలబడి, పోపు మాట మీద దేశాన్ని నడపనని జాన్ కెనడీ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. వాన్స్‌ను అలా ఎవరూ అడగడం లేదు. డాబ్స్ తీర్పు రాసిన శామ్యూల్ అలీటో కూడా కాథలిక్కే కాబట్టి ఆ పాత అనుమానానికి ఇప్పుడు బలం లేదు. ప్రశ్న మరోచోట నుంచి వచ్చింది. 2025 అక్టోబరులో మిసిసిపీ విశ్వవిద్యాలయ సభలో ఒక శ్రోత అడిగింది, తెలుగు మూలాలున్న హిందువైన ఆయన భార్య ఉషా వాన్స్ విశ్వాసం గురించి. చర్చిలో తనను కదిలించినదే ఏదో ఒకరోజు ఆమెనూ కదిలించాలని కోరుకుంటున్నానని, కదిలించకపోయినా తనకు ఇబ్బంది లేదని వాన్స్ చెప్పారు. అమెరికాలోని హిందూ సంస్థలు అభ్యంతరం తెలిపాయి. అయోవా కాకస్ ఓటర్లు ఆ జవాబులో ఏ సగాన్ని గుర్తుపెట్టుకుంటారన్నది 2028 దగ్గరయ్యే కొద్దీ తెలుస్తుంది.